విశుద్ధిమార్గకర్త బుద్ధఘోషుడు

క్రీస్తుశకము 5వ శతాబ్ది తొలి దశాబ్దులలో, మహానాముడు సింహళ ద్వీపమును పాలించుచుండగా, అనురాధపురములోని మహావిహారమునకు జంబూద్వీపమునుండి ఒక భిక్షువు వచ్చి చేరెను. అతడు సముద్రము దాటి వచ్చినది పుస్తకముల కొరకు. త్రిపిటకములకు సింహళ భాషలో తరతరములుగా నిలిచియున్న వ్యాఖ్యానములన్నియు తన కీయవలసినదనియు, వానిని పాలిభాషలోనికి తెచ్చి ఆ ద్వీపపు భాష తెలియని భిక్షువులకు గూడ అందజేయుదుననియు అతడు సంఘమునకు విన్నవించుకొనెను. మహావిహార స్థవిరులు తొందరపడు వారు కారు. ఎక్కడివాడో యెరుగని పరదేశి అడిగినంతనే తాళపత్రముల కట్టలు అప్పగించుటకు వారికి మనసొప్పలేదు. రెండు గాథలిచ్చి, వానికి అర్థవివరణము వ్రాసి యోగ్యతను నిరూపించుకొనవలసినదిగా ఆదేశించిరి. ఆ పరీక్షకు అతడు వ్రాసిన సమాధానమే విశుద్ధిమార్గము. ఆ భిక్షువే బుద్ధఘోషుడు.

పరీక్షకు వ్రాసిన సమాధానము పదునైదు శతాబ్దులు పాఠ్యగ్రంథమై నిలుచుట విద్యాలోకమున అరుదైన విషయము. సింహళమునను, బర్మాలోను, సయాములోను ధ్యానము నేర్పు భిక్షువులు నేటికిని ఆ గ్రంథమునే ప్రమాణముగా చూపుదురు.

విశుద్ధిమార్గము 23 పరిచ్ఛేదముల గ్రంథము. శీలము, సమాధి, ప్రజ్ఞ అను మూడు భాగములుగా నడచును. తత్త్వవిచారమునకై దానిని తెరచినవారు మూడవ నాలుగవ పరిచ్ఛేదములకు రాగానే కొంత ఆశ్చర్యపడుదురు. నిర్వాణమును గూర్చి చెప్పవలసిన మహాపండితుడు అచ్చట గోళ్లు తీసికొనుటను గూర్చియు, చిరిగిన చీవరమునకు కుట్టు వేయుటను గూర్చియు, కూర్చుండు పీట కోళ్లు ఎంత ఎత్తుండవలెననుటను గూర్చియు వ్రాయుచుండును. ఏకాంతమునకు పోయి ధ్యానము సాగింపదలచినవాడు బయలుదేరుటకు ముందు వేనిని చక్కబెట్టుకొనవలెనో, ఏ చోటు ఎంచుకొనవలెనో, ఏ ధ్యానవిషయమును పట్టవలెనో, కూర్చున్న పిమ్మట మనసు కుదురుపడనిచో వేనిని మార్చి చూడవలెనో అంతయు అచ్చట నున్నది. దానిని వ్రాసినవాని జీవితము మాత్రము ఆ గ్రంథమునకు ఒక విధముగా ఎదురు నడచినది.

అతని జీవితమునకు ప్రధానాధారము మహావంశమునకు తరువాత చేర్చబడిన భాగము. అది 13వ శతాబ్ది నాటిదని పండితులు చెప్పుదురు. అనగా అతని కాలమునకు ఇంచుమించు 800 ఏండ్ల పిమ్మటిది. దాని ప్రకారము అతడు మగధలో బోధివృక్షమునకు సమీపమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, వేదముల నభ్యసించి, వాదములు చేయుచు ఊరూర తిరుగుచుండెను. ఒకనాటి రాత్రి ఒక విహారమున బసచేసి, తాను చదివిన శాస్త్రమును వల్లించుచుండగా రేవతుడను స్థవిరుడు విని, ఇతడు సామాన్యుడు కాడని గ్రహించెను. వాదమున ఆ యువకుని ప్రశ్నలకు రేవతుడు బదులు చెప్పెను. రేవతుని ప్రశ్నకు యువకుడు బదులు చెప్పలేకపోయెను. తనకు తెలియని ఆ విద్యను నేర్చుకొనుటకే అతడు కాషాయము ధరించెనట. చదువుపై ఆశతో ప్రవేశించినవాడు అచ్చటనే నిలిచిపోయెను. కంఠధ్వని బుద్ధుని కంఠమువలె గంభీరమగుటచే బుద్ధఘోషుడను పేరు వచ్చినదందురు. గురువు కడ నుండగనే జ్ఞానోదయమను గ్రంథమును వ్రాసి, మరికొన్ని వ్యాఖ్యలకు పూనుకొనెను. అప్పుడు రేవతుడే, ఇచ్చట మూలపాఠము మాత్రమే మిగిలినదనియు, మహేంద్రుని నాటి వ్యాఖ్యానములు సింహళమున చెడక నిలిచియున్నవనియు చెప్పి అతనిని పంపెను.

ఈ మగధ జన్మమును ఆధునిక పండితులందరును అంగీకరింపలేదు. ధర్మానంద కోశాంబి మున్నగువారు, ఉత్తరదేశపు భూములతో బుద్ధఘోషునకు స్వయముగా పరిచయమున్నట్లు అతని గ్రంథములు తెలుపవనియు, అతడు దక్షిణాపథమువాడనియు వాదించిరి. బుద్ధఘోషుడు తన్ను గూర్చి చెప్పుకొనుట చాల తక్కువ. మజ్ఝిమనికాయ వ్యాఖ్య తుదిని మయూరపట్టణమున బుద్ధమిత్రునితో కలిసియున్న కాలమును, అంగుత్తరనికాయ వ్యాఖ్య తుదిని కాంచీపురము మొదలగు చోట్ల జ్యోతిపాలునితో గడపిన కాలమును తలచుకొనెను. అవి దక్షిణదేశపు స్థలములు. విశుద్ధిమార్గము తుదివాక్యము అతనికి మోరండఖేటకమను గ్రామముతో సంబంధము చెప్పుచున్నది. మోర యనగా నెమలి, అండమనగా గ్రుడ్డు, ఖేటకమనగా చిన్న ఊరు. ఈ మాటలను పట్టుకొని కొందరు పండితులు గుంటూరు ప్రాంతములోని కోటనెమలిపురి, గుండ్లపల్లి గ్రామములను చూపి, బుద్ధఘోషుడు తెలుగువాడని నిర్ణయించిరి. తెలుగు చెవికి గుండ్లు రాళ్లుగానే వినబడును గాని గ్రుడ్లుగా వినబడవు. కావున దీనిని సరసమైన ఊహగా గ్రహించుట మేలు.

ఆంధ్రదేశముతో అతని గ్రంథములకు గల సంబంధము ఇంతకంటె గట్టిది. వినయపిటక వ్యాఖ్యకు ఆధారముగా ముందుంచుకొన్న ప్రాచీన వ్యాఖ్యానములలో అంధకట్ఠకథ యొకటి. ఆంధ్రభిక్షువుల సంప్రదాయమునకు చెందినదని దాని పేరే తెలుపుచున్నది. ఆ వ్యాఖ్యలో దాని మతము పలుమార్లు పేర్కొనబడి పలుమార్లు త్రోసివేయబడినది. అతడు తెలుగువాడే యైనచో, స్వదేశాభిమానము అతని గంటమును కదల్చలేదనుకొనవలెను.

పరీక్షాగ్రంథమును గూర్చి ఒక కథ కలదు. అతడు వ్రాసి ముగించిన ప్రతిని దేవతలు దాచివేసిరట. అతడు మరల వ్రాసెను. దానిని గూడ దాచిరి. మూడవమారు వ్రాసిన పిమ్మట మొదటి రెండు ప్రతులును తిరిగి లభించెను. సంఘము మూడింటిని పోల్చి చూడగా అక్షరమైనను భేదము కనబడలేదు. కథ నమ్మదగినదా కాదా యను ప్రశ్న యటుండనిండు. మహావిహారము తన పండితునిలో మెచ్చుకొన్న గుణము అక్షరము తప్పని నిలకడ యని దీనివలన తెలియుచున్నది. నిజమునకు విశుద్ధిమార్గములోని యేర్పాటు అంతయు బుద్ధఘోషుని సొంత కల్పన కాదు. ఉపతిష్యుడను స్థవిరుని విముక్తిమార్గము అట్టి పద్ధతిలోనే ముందుగా వెలసినది. అది 515లో చీనా భాషలోనికి అనువదింపబడి నిలిచినది. పూర్వులు చెప్పినదానిని కూర్చి, తూచి, వరుసలో పెట్టుటయే బుద్ధఘోషుని ప్రజ్ఞ.

ఏకాంతమునకు పోవువాడు మొదట తెంచుకొనవలసిన బంధములు పదియని అతడు లెక్కించెను: ఉన్న విహారము, పోషించు కుటుంబములు, వచ్చు లాభము, చుట్టు చేరిన శిష్యులు, చేతిలోనున్న కట్టడపు పని, చేయవలసిన ప్రయాణము, బంధువులు, వ్యాధి, గ్రంథములు, సిద్ధులు. చివరిదానితో సామాన్యునకు బాధ లేదు. మిగిలిన తొమ్మిదింటిని అతడు వైద్యుడు నాడి పట్టినట్లు ఒక్కొక్కటిగా పరీక్షించెను. శిష్యులను గూర్చి చెప్పిన మాట ఉపాధ్యాయులు గమనింపదగినది. చెప్పుచున్న పాఠము కొంచెమే మిగిలినచో ముగించి పోవలెను. ఎక్కువ మిగిలినచో యోజన దూరములో మరియొక బోధకుని వెదకి అప్పగింపవలెను. ఎవరును దొరకనిచో తనకు పని కలదని చెప్పి బయలుదేరవలెను. కట్టడపు పనికిని ఇంచుమించు ఇదే నియమము. ప్రయాణము తప్పనిసరియైనచో ముందు పోయి వచ్చి ఆ పిమ్మటనే కూర్చుండవలెను. మనసులో ప్రయాణమును పెట్టుకొని కూర్చున్నవానికి ధ్యానము సాగదు. వ్యాధికి కొన్ని దినములు మందు తినవలెను. అది లొంగనిచో దేహమునకు ఊడిగము చాలించి పని మొదలుపెట్టవలెను. వేసవి సెలవులలో పది దినములు ఒంటరిగా గడపదలచిన గృహస్థునకు గూడ పట్టిక వేసికొనుటకు ఈ తొమ్మిది చాలును.

నివాసము అందరికిని బంధము కాదనియు, దానియందు మనసు చిక్కుకొన్నవానికే బంధమనియు చెప్పుచు అతడొక కథ నిచ్చెను. అనురాధపురములోని థూపారామమున ఇద్దరు మిత్రులు భిక్షువులైరి. ఒకడు ప్రాచీనఖండరాజియను ఏకాంతస్థలమునకు పోయి అచ్చట స్థవిరుడయ్యెను. ఆ చోటి ప్రశాంతిని మిత్రునకు గూడ చూపవలెనని కొంతకాలమునకు అతడు నగరమునకు వచ్చెను. ఇంతకాలము పట్టణమున నున్నవానికి దాతలు మెండుగా నుందురనియు, రాత్రికి నెయ్యియో బెల్లమో, ఉదయమునకు మంచి ఫలహారమో వచ్చుననియు ఎదురుచూచెను. ఏమియు రాలేదు. మరునాడు ఇద్దరును భిక్షకు పోయి, దొరికిన కొంచెము జావ త్రాగి, నగరద్వారము దాటిరి. నగరవాసి నేరుగా ప్రాచీనఖండరాజి దారి పట్టెను. ఇన్నాళ్లున్న చోట తీసికొనవలసిన వస్తువులేవియు లేవా యని అతిథి విస్తుపోయి అడుగగా, మంచమును పీటయు సంఘమునకు చెందినవనియు, వానిని సర్దియుంచితిననియు, వేరేమియు లేదనియు అతడు చెప్పెను. అతిథి తన కర్రను, నూనెగొట్టమును, చెప్పుల సంచిని విహారముననే మరచి వచ్చెను. ఒక్క రాత్రి బసకే ఇంత సామగ్రి కూడినదా యని మిత్రుడు అడిగెను. ఏకాంతమును బోధింప వచ్చినవాడు, అట్టివానికి ఎచ్చట నున్నను అరణ్యమేయని అంగీకరించి ఒంటరిగా వెనుకకు మరలెను.

కుటుంబబంధమును గూర్చిన కథ దీనికంటె లోతైనది. కోరండక విహారమున నుండు ఒక స్థవిరుని మేనల్లుడు చిన్నతనముననే భిక్షువై చదువుకొరకు రోహణ ప్రాంతమునకు పోయెను. కన్నతల్లి స్థవిరుడు కనబడినప్పుడెల్ల కొడుకు క్షేమమడుగుచుండెను. స్థవిరుడు అతనిని తీసికొనివచ్చుటకు బయలుదేరెను. అదే సమయమున యువకుడును ఇటు బయలుదేరెను. ఇద్దరును నదీతీరమున కలిసికొనిరి. స్థవిరుడు వర్షావాసమునకు అచ్చటనే ఆగెను; యువకుడు స్వగ్రామమునకు పోయెను. అతనికి విడిదిగా దొరికినది తండ్రి కట్టించిన కుటీరమే. దాతల ఇంటికి భిక్షకు పిలువబడి, మూడు నెలలు కన్నతల్లి చేతి అన్నమే తినెను. ఆమె గుర్తింపలేదు, అతడును చెప్పలేదు. వర్షాకాలము ముగియగానే సెలవు తీసికొని వెడలిపోయెను. తల్లిదండ్రులు ఆ తెలియని భిక్షువునకు దారికొరకు నూనెయు, బెల్లపు ముద్దయు, ఒక వస్త్రమును ఇచ్చిరి. అతడు నదీతీరమున ఆ వస్త్రమును స్థవిరునకు సమర్పించి తన దారిని పోయెను. పిమ్మట స్థవిరుడు ఒంటరిగా గ్రామమునకు రాగా, కొడుకు మరణించెనని తలచి తల్లి అతని పాదములపై పడి విలపించెను. స్థవిరునకు జరిగినది బోధపడినది. ఆమెను ఓదార్చి అంతయు చెప్పి ఆ వస్త్రమును చూపెను. కొడుకు పోయిన దిక్కునకు తిరిగి ఆ తల్లి సాష్టాంగపడెను.

ఇందులో ఆ యువకుని నిర్లిప్తతయే గొప్పదని గ్రంథకర్త చెప్పుచున్నాడు. చదువరికి మాత్రము మూడు నెలలు వడ్డించిన తల్లియే కన్నుల కగుపించును. బుద్ధఘోషుడు ఆమె దుఃఖమును దాచకుండుట గమనింపదగినది.

బంధములు తెగిన పిమ్మట గురువు. తనంతట తాను ధ్యానము చేయువానికి గూడ విషయము నిచ్చుటకు ఒక కల్యాణమిత్రుడుండవలెను. గురువున్న విహారమునకు చేరినవాడు అలసట తీర్చుకొని పోవుదమని మరియొకరి గదిలో దిగరాదు. ఆ గురువునకు గిట్టనివారు అచ్చట నున్నచో నాలుగు మాటలు చెప్పి మనసు విరిచివేయుదురు. మఠములలోని లోకవ్యవహారము ఎరిగినవాడు గాని ఇట్టి జాగ్రత్త చెప్పలేడు.

గురువు శిష్యుని స్వభావమును చూడవలెను. రాగము, ద్వేషము, మోహము, శ్రద్ధ, బుద్ధి, వితర్కము అను ఆరింటిలో ఏది ప్రబలముగా నున్నదో నడకలోను, నిద్రలోను, భోజనములోను, తుదకు చీపురు పట్టు తీరులోను కనబడునట. రాగస్వభావుడు చీపురును చక్కగా పట్టి, తొందరలేక, ఇసుక చెదరకుండ, వావిలిపూలు పరచినట్లు సమముగా ఊడ్చును. ద్వేషస్వభావుడు బిగించి పట్టి, ఇసుకను ఇరువైపుల ఎగజిమ్ముచు, కరకుచప్పుడుతో ఊడ్చును. మోహస్వభావుడు వదులుగా పట్టి అటునిటు త్రిప్పును. నేల శుభ్రము కాదు, సమమును కాదు. భోజనములో మొదటివాడు చిన్నముద్దను గుండ్రముగా చేసి రుచి చూచుచు తినును. రెండవవాడు నోటినిండ కుక్కుకొనును. మూడవవాడు మెతుకులు పళ్లెమున రాల్చుచు, మూతికి పూసికొనుచు, ఎచ్చటనో మనసు పెట్టి తినును. బడిలో పిల్లలచేత ఆవరణ ఊడ్పించిన ఉపాధ్యాయులకు ఈ ముగ్గురును పరిచితులే. ఇంత విపులముగా వ్రాసి, ఈ లక్షణములు మూలమునగాని ప్రాచీన వ్యాఖ్యలలోగాని పూర్తిగా లేవనియు, ఆచార్యుల అభిప్రాయము మాత్రమేయనియు, వీనిని సారమని నమ్మరాదనియు అతడే హెచ్చరించెను. పండితునిలో ఈ నిజాయితీ మిక్కిలి మెచ్చదగినది.

స్వభావమును బట్టియే వసతి. రాగస్వభావునకు గబ్బిలములు తిరుగు కప్పు, బురద దారి, నల్లులున్న మంచము, నూకల గంజి, పులిసిన మజ్జిగ, ముదిరిన కూర తగును. ద్వేషస్వభావునకు నీడయు నీరును గల చక్కని కుటీరమును, మంచి భోజనమును కావలెను. మోహస్వభావుడు నలుదిక్కులు కనబడు బయలున కూర్చుండవలెను. ఇరుకు చోట అతని మనసు మరింత మందగించును. ఊహలు ఎక్కువగా నల్లువానికి బయలు పనికిరాదు. తోటలు చెరువులు చూచిన కొలది అతని ఆలోచనలు పరుగెత్తును గనుక చెట్లచాటు గుహయే మేలు.

ధ్యానవిషయములు మొత్తము 40. వానిలో మైత్రీభావనయు మరణస్మృతియు అందరికిని కావలసినవి. మైత్రిని మొదట అదే ఆవరణలోనున్న భిక్షువులయందును, పిదప దేవతలయందును, ఊరి పెద్దలయందును, గ్రామజనులయందును క్రమముగా వ్యాపింపజేయవలెను. ఆ క్రమమునకు కారణము వ్యావహారికము: ఒంటరిగా నుండువాడు ఆ మనుష్యుల నడుమనే నిదురింపవలెను, వారి ఇండ్లనే అన్నము తెచ్చుకొనవలెను. ఇవిగాక ప్రతివానికిని తన స్వభావమునకు సరిపడు విషయము ఒకటుండవలెను. కోపస్వభావునకు మైత్రి మొదలగు నాలుగు భావనలును, నాలుగు వర్ణమండలములును; మనసు నిలువనివానికి ఉచ్ఛ్వాసనిశ్వాసములు.

చోటును గూర్చి చెప్పునప్పుడు విహారమునకు 18 దోషములు లెక్కించెను. మరీ పెద్దది, కొత్తది, శిథిలమైనది, బాటకు చేరువది, చెరువున్నది, ఆకుకూరలు పూలు పండ్లు విరివిగా నున్నది, పేరుమోసినది, పట్టణమునకును పొలములకును రేవునకును దగ్గరిది, రెండు రాజ్యముల పొలిమేరలోనిది, సరిపడని మనుష్యులున్నది, మంచి మిత్రులు లేనిది మొదలగునవి అవి. ప్రతిదానికిని కారణము చెప్పెను. మామిడిపండ్లున్నచో అడుగుటకు జనులు వత్తురు. ఇయ్యనిచో కోపించి, బలవంతముగా కోసికొని, అడ్డుపడిన భిక్షువును తిట్టి వెడలగొట్టుటకు గూడ చూతురు. పొలములు దగ్గరనున్నచో విహారపు ముంగిటనే కళ్లము వేసి ధాన్యము ఎండబెట్టుదురు. ఎవరి పశువు ఎవరి చేను మేసినదనియు, ఎవరి నీటిని ఎవరు కట్టిరనియు తగవులు పెరిగి భిక్షువులు రాజద్వారము త్రొక్కవలసివచ్చును.

తణుకు వంటి ఊరినుండి ఈ పట్టికను చదువువారికి నవ్వు వచ్చును. ప్రక్కనే జాతీయ రహదారి, నడుమ గోస్తనీనది, చుట్టును కాలువలు, వరిచేలు, అరటితోటలు, చక్కెర కర్మాగారముతో పేరుకెక్కిన పట్టణము. నన్నయభట్టు పేరుతో ముడిపడిన ప్రతీతియు దానికి కలదు. గోదావరి మండలపు సిరి యని మనము చెప్పుకొనునది యావత్తును బుద్ధఘోషుని లెక్కలో దోషమే. నీటివంతుల తగవులు చూచిన రైతునకు ఐదవ శతాబ్దిలో అనురాధపురపు చెరువుల క్రింద గూడ అదే కలహము సాగినదని వేరుగ చెప్ప నక్కరలేదు.

మంచి చోటికి అతడు చెప్పిన గుణములు ఐదు. ఊరికి మరీ దూరమును దగ్గరయును కాక రాకపోకలకు అనువుగా నుండవలెను. పగలు జనసమ్మర్దమును రాత్రి సందడియు లేకుండవలెను. దోమలు, ఈగలు, గాలి, ఎండ, పాములు బాధింపరాదు. వస్త్రము, భిక్ష, పడక, ఔషధము శ్రమలేక లభింపవలెను. సందేహము తీర్చు పండితస్థవిరులు అచ్చట నుండవలెను. విశుద్ధిమార్గమున పేరు లేకపోయినను, ఈ లక్షణములకు నిదర్శనముగా చూపదగిన చోటు పల్లపు భూములు దాటి మెట్టకు ఎక్కినచో కనబడును. కామవరపుకోట చెంత, నేటి ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కొండ అది. క్రీస్తునకు పూర్వమే భిక్షువులు అచ్చట రాతిని తొలిచి గదులు చేసికొనిరి; కొయ్యవాసముల నమూనాను రాతిలో చెక్కిన వృత్తాకార చైత్యగృహము నేటికిని నిలిచియున్నది. శాసనములు దానిని మహానాగపర్వతమనినవి. దిగువను జీలకర్రగూడెము, భిక్షాపాత్రతో దిగి పొద్దెక్కకముందే తిరిగి ఎక్కగల దూరము. వరిచేల సిరి కనుచూపు దాటి యుండును.

చోటు దొరకిన పిమ్మట కూర్చుండుట. పృథివీమండలమును పట్టువాడు అరుణోదయపు వన్నెగల మట్టిని తెచ్చి, గడ్డియు గులకలును ఏరి, మెత్తగా మెదిపి, జానెడు నాలుగు వ్రేళ్ల మండలముగా అలికి, రెండున్నర మూరల దూరమున జానెడు నాలుగు వ్రేళ్ల ఎత్తు పీటపై కూర్చుండి, కనులను మరీ విప్పక మరీ మూయక చూడవలెను. మండలమును విహారము నడుమ వేయరాదు, బాలభిక్షువులు తిరుగుచుందురు. నేలపై అనువుగాని చోట, వెంట తీసికొనిపోవుటకు వీలుగా నాలుగు కర్రలకు బిగించిన గుడ్డపైనను చాపపైనను మట్టిని అలికికొనవచ్చును. ఉచ్ఛ్వాసనిశ్వాసములను పట్టువాడు మొదట ధాన్యము కొలుచువానివలె నింపాదిగా ఎంచవలెను. అలవాటైన పిదప మంద దొడ్డి వాకిలి దాటుచుండగా పశువులను ఎంచు గోపాలునివలె వేగముగా ఎంచవలెను. ఐదునకు లోపల ఆగినచో మనసు ఇరుకు దొడ్డిలోని మందవలె ఉక్కిరిబిక్కిరియగును. పది దాటినచో శ్వాసను వదలి అంకెను పట్టుకొనును. కళ్లములో కుంచము పట్టి మొదటిదానిని లాభమని ఎంచు తెలుగు రైతునకు ఈ ఉపమానము ఏ వ్యాఖ్యయు లేకయే తెలియును.

ఇంత చేసినను మనసు కుదురుకొననిచో ఏమి చేయవలెను? బుద్ధఘోషుడు వెంటనే సాధకుని నిందింపడు. వసతి, భిక్షకు పోవు ఊరు, మాటలు, మనుష్యులు, ఆహారము, వాతావరణము, ఆసనము అను ఏడింటిలో ఏది సరిపడలేదో వెదకుమనును. గదులు పెక్కున్నచో ఒక్కొక్కదానిలో మూడేసి దినములుండి చూడవచ్చును. ఒకనికి పులుపు పడును, మరియొకనికి తీపి; ఒకనికి చల్లని ఋతువు, మరియొకనికి వెచ్చనిది; ఒకనికి నడక, మరియొకనికి నిలుకడ. అతి ప్రయాసయు అలసత్వమును రెండును చెరుపే. తేనెటీగ పూచిన చెట్టును దాటిపోవునంత వేగమును, తేనె అయిపోవునంత మాంద్యమును లేక సమముగా ఎగురవలెనని చెప్పుచు ఉపమానములను వరుసగా పేర్చెను. ధ్యానమును గూర్చిన గ్రంథములలో ఇంతటి ఓర్పు అరుదు.

ఇక పది బంధములలో తొమ్మిదవది. గ్రంథమే బంధమని అతడు వ్రాసెను. చదువుచు వల్లించుచు నుండువానికి మాత్రమే అది బంధమని సవరించెను గాని, ఆ సవరణ అతనిని విడువదు. ఆ సందర్భమున చెప్పిన కథ అతని మనసును కొంత చూపుచున్నది. త్రిపిటకములెరిగిన అభయుడను భిక్షువు రోహణమునకు పోయి మహాధర్మరక్షిత స్థవిరుని వద్ద చదువు పూర్తిచేసికొనెను. చదువు ముగిసిన దినమున ఆ వృద్ధగురువు శిష్యుని పాదముల చెంత చాపపై కూర్చుండి, తనకు ధ్యానవిషయము నొకటి యిమ్మని వేడెను. తన వద్దనే చదివిన తాను గురువునకు తెలియనిదేమి చెప్పగలనని శిష్యుడు వెనుకాడెను. నడచినవానికి ఆ దారి వేరుగా నుండునని వృద్ధుడు బదులిచ్చెను. అభయుడు అప్పటికే ఆ మార్గమున కొంత నడచినవాడు. అతడు విషయము నిచ్చి వెడలిన కొంతకాలమునకు, గురువు సాధన ఫలించి నిర్వాణము పొందిన వార్త వచ్చెను. జీవితమంతయు గ్రంథములు చెప్పి, తుదకు వానిని ప్రక్కకు పెట్టిన ఆ వృద్ధుని కథను బుద్ధఘోషుడు ఎంతో వివరముగా వ్రాసెను.

అతడు మాత్రము గ్రంథములను ప్రక్కకు పెట్టలేదు. పరీక్షలో నెగ్గిన పిమ్మట సంఘము వ్యాఖ్యానములన్నియు అతనికి అప్పగించెను. గ్రంథకార పరివేణమను గదిలో కూర్చుండి అతడు పని సాగించెను. ఆ కాలమునకు మహావిహారమునకు గడ్డుదినములు. కొంచెము ముందుగా 410 ప్రాంతమున సింహళమున రెండేండ్లున్న చీనా యాత్రికుడు ఫాహియాన్, ప్రత్యర్థియైన అభయగిరి విహారమున 5000 మంది భిక్షువులును మహావిహారమున 3000 మందియు ఉండిరని వ్రాసెను. ద్వీపపు భాషలోనున్న చదువు ద్వీపముననే ఆగిపోవును. పాలిలోనికి వచ్చినచో కాంచీపురమునుండి బర్మావరకు పోగలదు. ఆ అవసరమును తీర్చుటకు దీర్ఘ, మజ్ఝిమ, సంయుత్త, అంగుత్తర నికాయములు నాలుగింటికిని బృహద్వ్యాఖ్యలు వెలసెను. వినయపిటక వ్యాఖ్యయైన సమంతపాసాదిక సిరినివాసుడను రాజు పాలన 20వ యేట ఆరంభింపబడి 21వ యేటి ఆదిని ముగిసెను. జాతకములకును ధమ్మపదమునకును గల వ్యాఖ్యలు గూడ అతనివేయని సంప్రదాయము, పండితులు సందేహింతురు. అతని పాలివ్యాఖ్యలు వ్యాపించిన పిదప మూలమైన సింహళవ్యాఖ్యానములు క్రమముగా నశించినవి. అతడు చేర్చనిది మనకు చేరలేదు.

పని ముగిసిన పిదప బోధివృక్షమునకు మ్రొక్కుటకై అతడు జంబూద్వీపమునకు మరలెనని మహావంశము కథ ముగించుచున్నది. థటోనుకు వచ్చెనని బర్మావారు చెప్పుకొందురు. విశుద్ధిమార్గమును ఆధునిక పాఠకులకు అందించుటకు అమెరికాలో వారెన్ ఆరంభించిన పరిష్కరణమును కోశాంబి పూర్తిచేయగా హార్వర్డు వారు 1950లో ప్రకటించిరి. 1956లో జ్ఞానమోళి భిక్షువు ఆంగ్లానువాదము కొలంబోలో వెలువడెను.

ఇన్ని వేల పత్రములలో తాను ఎప్పుడు ఎచ్చట ధ్యానమునకు కూర్చుండెనో, తన స్వభావము ఆరింటిలో ఏదియో, నలుబదింటిలో ఏ విషయమును పట్టెనో బుద్ధఘోషుడు ఒక్క మాటయైనను వ్రాయలేదు. విశుద్ధిమార్గపు సింహళప్రతుల తుదిని మాత్రము కొన్ని గాథలు కలవు; బర్మాప్రతులలో అవి కనబడవు. ఈ గ్రంథము వ్రాసిన పుణ్యముచే మరుజన్మమున త్రయస్త్రింశ దేవలోకమున సుఖమందవలెననియు, తుదిజన్మమున మైత్రేయ బుద్ధుని దర్శించి ఆయన బోధ విని పరమఫలమును పొందవలెననియు వానిలో గ్రంథకర్త కోరుకొనెను. ఈ జన్మమున దానిని పొందితినని ఆ గాథలలో లేదు.